స్పోర్ట్స్ కారు పాఠం 34 దగ్గరే మొదలవ్వాలి

రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు అనగానే హాస్టల్‌లో అందరికీ గుర్తొచ్చేది ఒకటే: పొగ లేపుకుంటూ పక్కకి జారే కారు, వెనక ఓ బీజీఎం. "అంత పవర్ ఉంటే మనమూ తిప్పేస్తాం" అనేవాళ్లకి నా మాట వేరే. మలుపులో ఈ కారు నడత తెలియాలంటే తక్కువ పవర్, తక్కువ వేగం, బోలెడంత ఖాళీ స్థలం కావాలి.

టైరు గ్రిప్ నెలాఖరు పాకెట్ మనీ లాంటిది. బ్రేకుకో, రేస్ ఇవ్వడానికో కొంత ఖర్చయితే, తిరగడానికి మిగిలేది తగ్గుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో లాగడం, తిప్పడం రెండూ ముందు టైర్ల పనే. మలుపులో రేస్ ఎక్కువైతే అవి చేతులెత్తేస్తాయి, కారు బయటివైపుకి పోతుంది. కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. రియర్ వీల్ డ్రైవ్‌లో ముందువి తిప్పుతాయి, వెనకవి తోస్తాయి. మన అంబాసిడర్, ఓమ్నీ కూడా ఈ జాతివే. వాటికి పవర్ తక్కువ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పవర్ ఉన్న కారుకి మలుపు మధ్యలో రేస్ ఎక్కువిస్తే వెనక టైర్ల గ్రిప్ అయిపోయి, కారు తోక బయటికి జారుతుంది. అదే ఓవర్‌స్టీర్.

అసలు చిక్కు ఆ తర్వాతే. భయపడ్డవాడు చటుక్కున కాలు తీసేస్తాడు, లేదా బ్రేక్ తొక్కేస్తాడు. దాంతో బరువు ముందుకి పడుతుంది. అప్పటికే జారుతున్న వెనక టైర్ల మీద భారం ఇంకా తగ్గి, కారు గిర్రున తిరిగిపోతుంది. ప్రాణం కాపాడుకోవడానికి ఒళ్లు దానంతటదే చేసే పనే కొంప ముంచుతుందన్నమాట.

1975లో అమ్మకానికొచ్చిన పోర్షే 911 టర్బో దీనికి పెద్ద ఉదాహరణ. ఇంజిన్ వెనక ఇరుసుకి కూడా వెనక ఉంటుంది. పైగా టర్బో ఆలస్యంగా అందుకుంటుంది కాబట్టి, తొక్కిన పవర్ మలుపు మధ్యలో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బెదిరి కాలు తీస్తే వెనకున్న బరువు లోలకంలా ఊగుతుంది. దానికి 'విడో మేకర్' అని పేరు పడింది ఊరికే కాదు.

2012లో వచ్చిన టయోటా జీటీ86 సరిగ్గా ఇంకో దారి పట్టింది. రెండు లీటర్ల ఇంజిన్, దాదాపు 200 హార్స్‌పవర్, ప్రియస్‌కి వేసే రకం సన్న టైర్లు. గ్రిప్ తక్కువ ఉండటం పొదుపు కోసం కాదు, తక్కువ వేగంలోనే డ్రైవర్‌కి హద్దు తెలియడం కోసం. నా దృష్టిలో మంచి మాస్టారు అంటే ఇదే.

ఇక వేగం లెక్క. ఫార్ములా స్టూడెంట్ స్కిడ్‌ప్యాడ్ మన మెకానికల్ వాళ్లకి తెలిసిందే. ఎనిమిది అంకె ఆకారంలో రెండు వలయాలు, లోపలి వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. మధ్యగీత వ్యాసార్థం సుమారు 9.1 మీటర్లు. ఘర్షణ గుణకం 1 అనుకుంటే కారు జారడం మొదలయ్యే వేగం గంటకి 34 కిలోమీటర్లు. తడి నేల మీద గుణకం సగమైతే 24. అదే 60 మీటర్ల వ్యాసార్థం ఉన్న పొడి రోడ్డు మలుపులో 87. రెండు చోట్లా పాఠం ఒకటే. కానీ 87 దగ్గర గతిశక్తి ఆరున్నర రెట్లు. ఫీజు కూడా అంతే.

34 దగ్గర నేర్చుకునేవి చాలానే ఉన్నాయి. మలుపుకి ముందే, నిటారుగా ఉన్నప్పుడే బ్రేక్ వేయడం. రేస్ కొద్దికొద్దిగా పెంచడం. తోక జారితే జారినవైపుకే స్టీరింగ్ తిప్పి, వెళ్లాల్సిన చోటు చూడటం. కారు దారికొస్తుండగా స్టీరింగ్‌ని సమయానికి వెనక్కి తేవడం. ఈ ఆఖరిది ఆలస్యమైతే కారు రెండోవైపుకి విసిరికొడుతుంది.

"సిమ్యులేటర్ ఉందిగా" అంటారు. చేతులకి, కళ్లకి అది మంచిదే. కానీ జారుడు కబురు కంటికంటే ముందు నడుముకి అందుతుంది, గదిలో కుర్చీకి ఆ సంగతి తెలీదు. "ఈఎస్‌సీ చూసుకుంటుంది" అంటారు. అది ఒక్కో చక్రానికి బ్రేక్ వేసి, పవర్ తగ్గించి చాలాసార్లు కాపాడుతుంది. లేని గ్రిప్‌ని మాత్రం పుట్టించలేదు.

ఇక రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి సాధన చేస్తామంటే నేను ఒప్పుకోను. పక్క లేన్‌లో ఇంటికెళ్తున్న కుటుంబం మన ప్రాక్టికల్ క్లాసుకి పేరు రాయించుకోలేదు.

స్టూడెంట్ టీమ్‌ల సంగతీ చెప్పుకోవాలి. పోటీకి వారం ముందు దాకా వెల్డింగే నడుస్తుంటుంది, డ్రైవర్ ప్రాక్టీస్‌కి రోజులే మిగలవు. తీరా వెళ్లాక "కారు బాలేదు" అనుకుంటాం. షెడ్యూల్‌లో ముందు స్కిడ్‌ప్యాడ్ రోజులు రాసుకుని, తర్వాత మిగతావి నింపుదాం. ఖాళీ గ్రౌండ్, కోన్‌లు, హెల్మెట్, ఓ ట్యాంకర్ నీళ్లు, పక్కన ఓ ఫ్యాకల్టీ ఉంటే చాలు. కొత్త ఎగ్జాస్ట్ కంటే చవక, లాప్ టైమ్‌కి ఎక్కువ లాభం.