తొలకరికి ముందే ఇంటికప్పు చూసుకోవాలి

రోహిణి కార్తె ఎండలు కాస్తున్నన్నాళ్లు ఇంటికప్పు ఎవరికీ గుర్తు రాదు. మృగశిరలో మొదటి జల్లు పడి, గదిలో ఉన్న ధాన్యం బస్తాలు తడిశాకే కప్పు పనివాడి కోసం ఊరంతా వెదుకులాట మొదలవుతుంది. అప్పటికి అతను నాలుగిళ్ల వారికి మాట ఇచ్చి ఉంటాడు. తడిసిన కప్పు మీద కాలు నిలవదు, పని సాగదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట మరి దేనికైనా వర్తించకపోవచ్చు గాని, ఇంటికప్పుకు మాత్రం అక్షరాలా వర్తిస్తుంది.

మన శ్రీకాకుళం జిల్లా వారికి ఈ జాగ్రత్త మరీ అవసరం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుఫానులను చూశాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తూ పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు ఇళ్ల కప్పులూ పోయాయి. కప్పు ఎగిరిపోయిన ఇంటివారు బేరమాడే స్థితిలో ఉండరు. ఎవరో తెలియని మనిషి వచ్చి "రెండు రోజుల్లో రేకులు వేసేస్తాను, ముందు డబ్బివ్వండి" అంటే ఇచ్చేస్తారు. డబ్బు తీసుకున్న మనిషి తిరిగి రాకపోతే అడగడానికి ఊరూ తెలియదు, పేరూ తెలియదు.

కనుక మొదటి మాట ఇది. పనివాడు మన ఊరివాడో, పక్క ఊరివాడో అయి ఉండాలి. కూలి కొంచెం ఎక్కువైనా ఫరవాలేదు. వచ్చే వానకు చుక్క కారితే పిలవగానే రాగలవాడు, నలుగురిలో మాట పడతానని జంకేవాడు కావాలి. నిరుడు, అటుముందు ఏడు అతను ఎవరి ఇంటికి పని చేశాడో కనుక్కొని, ఆ ఇంటివారిని ఒక మాట అడగాలి. రెండు వానాకాలాలు ఆగిన పనే మంచి పని.

తాటాకు కప్పేవాడు, పెంకు నేసేవాడు, రేకులు బిగించేవాడు అందరూ ఒకటి కాదు. ఒక పని తెలిసినవాడికి మరొకటి తెలిసి తీరాలని లేదు. కప్పు ఎక్కి చూడకుండా కింద నిలబడే ధర చెప్పేవాడిని నమ్మరాదు. నీళ్లు కారే చోట పైన కన్నం ఉంటుందనుకోవడం పొరపాటు. పైనెక్కడో దిగిన నీరు వాసం వెంట జారి మరోచోట చుక్క కడుతుంది. తెలిసిన పనివాడు ముందు దూలాలు, వాసాలు తట్టి చూస్తాడు. చెద పట్టిన వాసం మీద కొత్త పెంకు వేస్తే పెంకు ఖర్చు దండుగే.

పెంకుటిళ్లవారు మరో సంగతి గమనించాలి. ఒక కంపెనీ పెంకు మరో కంపెనీ పెంకుతో సరిగా కూర్చోదు. పాత పెంకు వెనుక ఉన్న ముద్ర చూసి అదే రకం తెచ్చుకోవాలి. దించిన పెంకులో బాగున్నదాన్ని పారవేయకుండా దాచుకోవాలి. చూరు వరుసల పెంకులను తీగతో కట్టించుకుంటే గాలికి కొంత ఆగుతాయి.

రేకుల ఇంటికైతే బోల్టు రేకు మిట్ట మీద పడాలి గాని పల్లంలో పడరాదు. పల్లంలో వేసిన కన్నం నీటికి దారి. గాలి ముందుగా పట్టేది చూరును, వెన్నును, మూలలను. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించాలి. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులను మిషనుతో పొడిగా కోయించరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సరు తెస్తుంది. తప్పనిసరి అయితే నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు పెట్టించి, పిల్లలను దూరంగా ఉంచాలి.

బేరం కుదిరాక ఒక కాగితం రాసుకోవడం నామోషీ కాదు. ఏ పని, ఎన్ని రోజులు, సరుకు ఎవరిది, కూలి ఎంత, వానకు కారితే ఎవరు బాధ్యులు అన్న అయిదు సంగతులు చాలు. బయానాగా కొంతే ఇచ్చి, సగం పని అయ్యాక మరికొంత, కప్పు మీద నీళ్లు పోసి చూశాక మిగిలింది ఇవ్వాలి. సరుకు మనమే కొని రసీదు ఉంచుకుంటే మరీ మంచిది. తుఫాను నష్టమైతే కప్పు మార్చకముందే ఫొటోలు తీయించి, నష్టం రాసుకునే సిబ్బందికి చూపాలి.

అయితే జాగ్రత్త ఒకవైపే ఉంటే చాలదు. కప్పు మీద ఉన్నవాడి ప్రాణం మన బాధ్యత. సిమెంటు రేకు మీద నేరుగా అడుగు వేస్తే విరుగుతుంది. అడ్డంగా పలక వేసి దాని మీద నడవాలి. నిచ్చెనను ఒకరు పట్టుకోవాలి, నడుముకు తాడు ఉండాలి. చూరు దగ్గర కరెంటు తీగ ఉంటే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి. "త్వరగా కానీయవయ్యా" అని కింద నుంచి తొందరపెట్టిన మాటకు ఒక కుటుంబం వీధిన పడవచ్చు. పని పూర్తయిన రోజునే కూలి చేతిలో పెట్టాలి.

1996లో వచ్చిన చట్టంతో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్లు ఏర్పడ్డాయి. 18 ఏళ్లు నిండి 60 దాటని వారు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చు. మరమ్మతు పని కూడా ఇందులోకి వస్తుంది. ఈ సంగతి కప్పు పనివారిలో చాలామందికి చేరకపోవడం విచారకరం. కార్మికశాఖ అధికారులు ఊళ్లకు వచ్చి పేర్లు రాసుకోవాలి. పంచాయతీలు కూడా ఊళ్లోని కప్పు పనివారి పేర్లు, వారికి తెలిసిన పని రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. తుఫాను వచ్చిన మర్నాడు ఆ జాబితాయే ఊరిని మోసగాళ్ల నుంచి కాపాడుతుంది.

మబ్బు పట్టకముందే ఒకసారి తలెత్తి కప్పు వైపు చూడండి. పనివాడిని ఇప్పుడే పిలవండి.