గాలికి స్వేచ్ఛ, తీగకు తాళం

లైసెన్సు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు, వైఫై పెట్టుకొని అమ్ముకోండి అన్నది ఢిల్లీ. 2020 డిసెంబర్ 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకానికి ఆమోదం తెలిపింది. చాయ్ కొట్టు, కిరాణా దుకాణం, జిరాక్స్ సెంటర్ ఎవరైనా సరే ఓ పెట్టె బిగించి ఐదుకూ పదికీ ఇంటర్నెట్ అమ్ముకోవచ్చన్నారు. లెక్కలు, ఓటీపీలు చూసుకోవడానికి పైన ఓ అగ్రిగేటర్ సంస్థ ఉంటుంది. కాగితం మీద బాగానే ఉంది.

మరి ఆ పెట్టెలోకి ఇంటర్నెట్ ఎక్కడి నుంచి రావాలి? పెద్ద కంపెనీ తీగ నుంచే కదా! అక్కడే పడింది తాళం. ఇంటి కనెక్షన్ తీసుకొని అమ్ముకుంటానంటే కుదరదు, లీజుడు లైన్ తీసుకో అన్నాయి కంపెనీలు. దాని ధర ఇంటి కనెక్షన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయిదు రూపాయల వైఫై అమ్మేవాడు ఆ బిల్లు కట్టేదెట్లా?

2018 టెలికం విధానంలో రాసుకున్న లక్ష్యం 2022 నాటికి కోటి ప్రజా వైఫై కేంద్రాలు. 2024 చివరికి పీఎం-వాణి కింద వచ్చినవి రెండు లక్షల పైచిలుకు. ప్రజలకు ఆసక్తి లేదని కొందరు సర్కారీ పెద్దలు అనొచ్చు. దుకాణందారుకు గిట్టుబాటు కాలేదని మేమంటున్నాం.

ట్రాయ్‌కు సంగతి తెలియక కాదు. 2024 ఆగస్టు ముసాయిదాలో ఇంటి రేటుకే ఈ దుకాణాలకూ ఇవ్వాలని ప్రతిపాదించింది. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. 2025 జూన్ ఉత్తర్వు వచ్చేసరికి అది ఇంటి రేటుకు రెండింతల దాకా వసూలు చేసుకోవచ్చని మారింది, అదీ 200 ఎంబీపీఎస్ లోపు ప్లాన్లకే. ముసాయిదాకూ ఉత్తర్వుకూ మధ్య పది నెలల్లో ఎవరి మాట నెగ్గిందో పాఠకులకు విడమర్చి చెప్పాలా?

దుకాణాల సంగతి అట్లుంచితే, జిల్లా స్థాయి లైసెన్సుతో బతికే చిన్న ఇంటర్నెట్ సంస్థలది మరో గోస. ఫైబర్ వెయ్యలేని ఊళ్లకు ఇవి స్తంభం నుంచి స్తంభానికి రేడియోతో సిగ్నల్ పంపిస్తాయి. 2018లో 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు తీసేసి కేంద్రం మంచి పనే చేసింది, కాదనం. కానీ ఆ వెనకనే నిబంధనల మూట నెత్తిన పెట్టింది. వినియోగదారుల లాగ్‌లు ఏడాది కాదు, రెండేళ్లు దాచాలన్నది 2021 డిసెంబర్ సవరణ. సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో నివేదించాలన్నది 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశం.

ముంబై కార్పొరేట్ ఆఫీసుకు ఇదో లెక్క కాదు. అక్కడ వకీళ్ల దండు, ఇంజనీర్ల దండు ఉంటుంది. తాలూకా కేంద్రంలోని సంస్థలో ఉండేది ముగ్గురు. ఒకరు స్తంభం ఎక్కుతారు, ఒకరు బిల్లులు వసూలు చేస్తారు, ఒకరు ఫోన్లెత్తి తిట్లు తింటారు. అర్ధరాత్రి సర్వర్ మీద దాడి జరిగితే తెల్లారేలోపు ఢిల్లీకి నివేదిక రాసేదెవరు?

నిబంధనలే వద్దని మేమనడం లేదు. 2008 అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు బెదిరింపు ఈమెయిల్ ఎవరిదో రక్షణ లేని వైఫై నుంచి వెళ్లింది. ఆ తర్వాత 2009లో తెచ్చిన జాగ్రత్తలు అవసరమే. కానీ ఏనుగుకూ మేకకూ ఒకే బరువు ఎత్తడం సమానత్వమా? అమెరికాలో 2015లో నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు తెచ్చినప్పుడు ఎఫ్‌సీసీ లక్ష లోపు కనెక్షన్లున్న సంస్థలను అదనపు వివరాల వెల్లడి నుంచి తాత్కాలికంగా మినహాయించింది. 2017లో ఆ హద్దును రెండున్నర లక్షలకు పెంచింది. అక్కడ చెయ్యగలిగింది ఇక్కడెందుకు చేతకాదు?

సెల్‌ఫోన్ డేటా ఉండగా ఇదంతా దేనికంటారా? 2024 జూలైలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలూ రోజుల తేడాతో రేట్లు పెంచాయి. చేతనైనవాళ్లు బీఎస్‌ఎన్‌ఎల్‌కు మారారు. మిగతావాళ్లు నోరు మూసుకొని కట్టారు. అద్దె గదిలో ఉండి పోటీ పరీక్షకు వీడియో పాఠాలు చూసుకునే విద్యార్థికి ఆ పెంపు ఎంత బరువో మనకు తెలుసు. గల్లీ చివర పది రూపాయల వైఫై ఉంటే అతనికి ఇంకో దారి ఉండేది.

అందుకే ట్రాయ్ మొదట రాసిన మాటకే కట్టుబడాలి, ఇంటి రేటే దుకాణం రేటు కావాలి. లాగ్‌లు, నివేదికల భారం కనెక్షన్ల సంఖ్యను బట్టి నిర్ణయించాలి. 2023 టెలికం చట్టం కింద కొత్త నియమాలు రాస్తున్నప్పుడు కంపెనీల సంఘాలతో పాటు జిల్లా సంస్థల వాళ్లనూ పిలిచి కూర్చోబెట్టాలి.