బండి రేటు ఒక ఖర్చు, బండి పోషణ ఇంకో ఖర్చు



ఈసారి పురుగుల గురించి, ఆకు గురించి కాకుండా బండి గురించి రాస్తున్నాం. పోయిన నెలలో మన వాళ్లే ముగ్గురు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "బెంగళూరులో పాత ఫారిన్ వాన్ ఒకటి తక్కువకు వస్తోంది. మీరు కొన్నారు గదా, తీసుకోవచ్చా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేస్తే సగమే చెప్పినట్టు అవుతుంది. అందుకని మా అనుభవం, మా అభిప్రాయం రెండూ ఇక్కడ పెడుతున్నాం.

మేం ఆరిళ్ల వాళ్లం కలిసి 2023లో ఒక జపాన్ డీజిల్ వాన్ కొన్నాం. 2007 రిజిస్ట్రేషన్. ఒక కంపెనీ వాళ్లు తమ స్టాఫ్‌ను తిప్పుకున్న బండి. రేటు 3 లక్షల 20 వేలు. చాకీ సెంటర్ నుంచి పురుగులు తెచ్చుకోవడానికి, గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్‌కు, రేటు బాగుంటే బెంగళూరు మీదుగా రామనగరానికి తీసుకుపోవడానికి ప్రతిసారీ బాడుగ బండి కోసం ఎదురుచూడటం విసుగొచ్చి కొన్నాం. నిమ్మకాయలు తొక్కించాం, టెంకాయ కొట్టాం, ఫోటోలు దిగాం. మరుసటి రోజు నుంచే గూళ్లు ఎక్కించాం. మేం చేసిన మొదటి తప్పు అదే.

ఒక్క మాట ఆలోచించండి. ఒక పంట అయిపోయి ఇంకో పంట మొదలయ్యే ముందు మనం ఏం చేస్తాం? పురుగుల ఇల్లు కడుగుతాం, 0.3 శాతం సున్నపు నీళ్లలో 2 శాతం బ్లీచింగ్ కలిపి కొడతాం, చంద్రికలు కాల్చి ఎండబెడతాం. పోయిన పంట బాగా వచ్చింది కదా అని ఎవరూ మానరు. పైకి కనిపించని రోగం లోపల ఉంటుందని మనకు తెలుసు. మరి పదహారేళ్లు ఎవరో నడిపిన బండి మన చేతికి వస్తే, స్టార్ట్ అవుతోంది, నడుస్తోంది అని ఎట్లా నమ్మేశాం?

మొదటి దెబ్బ ఆ వచ్చే ఏప్రిల్‌లో తగిలింది. మూడిళ్ల గూళ్లు, 180 కేజీలు, రామనగరానికి బయల్దేరాం. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి ఉండగా రేడియేటర్ పైపు పగిలింది. ఎండలో నాలుగు గంటలు. గూళ్లంటే ఇటుకలు కాదు గదా. లోపల ప్యూపా ప్రాణంతో ఉంటుంది, ఊపిరి తీసుకుంటుంది, చెమ్మ వదులుతుంది. సంచుల్లో ఒత్తుకుని వేడెక్కితే ప్యూపా చస్తుంది, గూడు లోపల మరక పడుతుంది. అప్పటికప్పుడు దొరికిన మెకానిక్ ఆ పైపు చూసి, "అన్నా, ఈ వంపు పైపు ఇక్కడ ఎక్కడా దొరకదు, ఇంకో బండి పైపు కోసి కడతాను" అన్నాడు. కట్టాడు. మేం చేరేసరికి ఆ రోజు వేలం అయిపోయింది. మరుసటి రోజు గూళ్లు చూసిన రీలర్లు ఊరుకుంటారా? పక్క లాట్ల కంటే కేజీకి 60 రూపాయలు తక్కువ పలికింది. 180 కేజీలకు 10,800. ఒక్క పైపుకు.

ఆ తర్వాత గానీ మాకు బుద్ధి రాలేదు. బండిని పది రోజులు పక్కన పెట్టి ఒక్కొక్కటీ చూపించాం. మొదటి ఏడాది ఖర్చు మా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం. టైర్లు నాలుగు 26,000. టైమింగ్ బెల్ట్, దాంతోపాటు వాటర్ పంపు 18,000. రేడియేటర్, పైపులు 14,000. బ్రేకుల పని 11,000. బ్యాటరీ 7,500. కింద సస్పెన్షన్ పని 12,500. ఆయిళ్లు, ఫిల్టర్లు 7,000. మొత్తం 96,000. ఇంటికి 16,000. ఇది ముందే తెలిసి పక్కన పెట్టుకుని ఉంటే ఎవరూ గొణిగేవాళ్లు కాదు. తెలియక ఒక్కొక్కటిగా వచ్చినందువల్ల ఆరిళ్ల మధ్య మాటలు పెరిగాయి. "నువ్వు తోలినప్పుడే చెడింది" అనేదాకా పోయింది.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. పాత బండి రేటు ఎంతో, అందులో మూడో వంతు చేతిలో పెట్టుకోకుండా బేరానికి పోవద్దు. 3 లక్షల బండి కొనాలంటే 4 లక్షలు ఉండాలి. 3 లక్షలే ఉంటే 2 లక్షల పాతికకు మించిన బండి చూడొద్దు.

కొన్న వెంటనే ఏం చూసుకోవాలో మేం నేర్చుకున్నది ఇది.

టైమింగ్ బెల్ట్ ముందు అడగండి. కొన్ని ఇంజన్లలో చైన్ ఉంటుంది, కొన్నింటిలో రబ్బరు బెల్ట్. బెల్ట్ ఉన్న బండి అయితే, పాత యజమాని ఎప్పుడు మార్చాడో బిల్లు చూపించలేకపోతే మార్చనట్టే లెక్క. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి. బెల్ట్ ఖర్చు వేలల్లో, ఇంజన్ ఖర్చు లక్షల్లో.

రేడియేటర్‌లో మన బోరు నీళ్లు పోయొద్దు. మన పక్క బోర్లు ఎంత లోతుకు పోయాయో, ఆ నీళ్లు ఎంత ఉప్పో బిందెలకు పట్టే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ గొట్టాల్లో పడుతుంది. కూలెంట్ పోయించండి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపండి.

టైరు గీతలు బాగున్నాయని మోసపోవద్దు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. మా బండి టైర్లు కొత్తవాటిలాగే ఉండేవి, అంకె చూస్తే తొమ్మిదేళ్లవి. రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాలి. డీజిల్ ఫిల్టర్ కింద చేరే నీళ్లను అప్పుడప్పుడు వదిలేయాలి. ఇవి వందల్లో పోయే పనులు, వదిలేస్తే వేలు అడుగుతాయి.

ఫారిన్ బండికి అసలు కష్టం స్పేర్లది. మన ఊరి గ్యారేజీలో దొరకవు. బెంగళూరు జేసీ రోడ్డుకు పోవాల్సిందే, లేదంటే శివాజీనగర్ గుజరీలో వెతకాల్సిందే. పోయేటప్పుడు బండి పేరు చెబితే సరిపోదు. చాసిస్ నంబరు, ఇంజన్ ప్లేట్ ఫోటో, పాత పార్టు మూడూ తీసుకుపోండి. ఒకే పేరుతో వచ్చిన బండ్లలో కూడా ఏడాదిని బట్టి, ఇంజన్‌ను బట్టి పార్టులు మారతాయి. ఇంకో సంగతి. బేరింగ్ మీద 6203 లాంటి నంబరు చెక్కి ఉంటుంది. ఆయిల్ సీల్ మీద లోపలి కొలత, బయటి కొలత, మందం రాసి ఉంటాయి. అవి ఏ దేశపు బండిలో ఉన్నా కొలత ఒకటే. నంబరు కలిస్తే మామూలు బేరింగ్ షాపులోనే దొరుకుతుంది. ఇది తెలియక మేం ఒక బేరింగ్ కోసం మూడుసార్లు బెంగళూరుకు పోయి వచ్చాం.

ఇక మన వృత్తికి సంబంధించినది. ఇది ఏ మెకానిక్కూ చెప్పడు, మనమే చూసుకోవాలి. ఒకరోజు మా వాళ్లలో ఒకరు పక్క పొలం ఆయన అడిగాడని బండి ఇచ్చారు. ఆయన టమోటా బాక్సులతో పాటు మందు డబ్బాలు కూడా వేసుకుపోయాడు. ఒక డబ్బా కారింది. తుడిచాం అనుకున్నాడు. ఆ వారమే అదే బండిలో వంద గుడ్ల చాకీ తెచ్చాం. మూడో రోజుకు పురుగులు వాంతి చేసుకుంటూ మెలికలు తిరిగాయి. ఆ పంట పోయింది. ఎవరిని అనాలి? అడిగినాయనకు పట్టు సంగతి తెలియదు. ఇచ్చింది మేమే. ఆ రోజు నుంచి బండిలో పురుగుమందు, ఎరువు, డీజిల్ క్యాన్ ఏదీ ఎక్కకూడదని, బయటివాళ్లకు బండి ఇవ్వకూడదని రాసుకుని అందరం సంతకం పెట్టాం. మొహమాటం మంచిదే గానీ, చాకీ పురుగు మొహమాటం ఎరగదు.

సైలెన్సర్ జాయింట్ కూడా అంతే ముఖ్యం. అక్కడ లీకు ఉంటే పొగ వెనక తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. మనుషులకే తల తిరుగుతుంది, చాకీ పురుగు ఎంత? గూళ్లు దించిన బండిలోనే చాకీ ఎక్కిస్తాం కాబట్టి రోగాల సంగతి కూడా ఉంది. గూళ్లలోంచి బయటికొచ్చిన ఊజీ పురుగులు మ్యాట్ల కింద, మూలల్లో దూరి అక్కడే ప్యూపాలవుతాయి. మ్యాట్లు తీసి ఊడ్చి కాల్చేయాలి. లోపల క్రిమిసంహారకం కొట్టాలి. అయితే బ్లీచింగ్ ఇనుమును తినేస్తుంది, అందుకే కొట్టాక కొంతసేపటికి మంచి నీళ్లతో కడిగి, బాగా ఆరాకే చాకీ ఎక్కించండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాం. ఫారిన్ వాన్ కొనొచ్చా?

మా బండి ఆర్‌సీ 2027 వరకు ఉంది. అప్పటికి బండికి ఇరవై ఏళ్లు నిండుతాయి. 2025 ఆగస్టులో కేంద్రం రెన్యువల్ ఫీజులు పెంచింది. ఇరవై ఏళ్లు దాటిన మామూలు కారు, వాన్‌లకు 10,000. అదే దిగుమతి బండి అయితే 80,000, జీఎస్టీ వేరే. పదిహేను దాటి ఇరవై లోపు ఉన్న వాటికి 2022 ఏప్రిల్ నుంచే 5,000, దిగుమతి బండికి 40,000 ఉంది. ఫారిన్ బండి అంటే ధనవంతుల సరదా అని ప్రభుత్వం లెక్క. గూళ్ల సంచులు మోసే మా బండికీ అదే లెక్క. ఇది అన్యాయం అని మాకు అనిపిస్తుంది. పాత బండ్లు తగ్గాలి, పొగ తగ్గాలి అంటే ఒప్పుకుంటాం. కానీ ఒకే వయసు, ఒకే పొగ ఉన్న రెండు బండ్లలో ఒకదానికి ఎనిమిది రెట్లు ఎందుకు? రైతు సంఘాలు ఈ మాట అడగాలి.

అయితే కోపంతో లెక్క మరిచిపోకూడదు. రెన్యువల్ ఐదేళ్లకు చేస్తారు. 80,000ను అరవై నెలలకు పంచితే నెలకు 1,333. ఆరిళ్లకు పంచితే ఇంటికి నెలకు 222. ఇప్పటికే బండిని బాగు చేసుకున్నాం కాబట్టి, ఫిట్‌గా ఉంటే మేం కట్టి నిలుపుకోవడమే మేలని మాలో నలుగురి మాట. ఇద్దరు అమ్మేద్దాం అంటున్నారు. ఇప్పటి నుంచే ట్రిప్పుకు ఇంత అని డబ్బీలో వేస్తున్నాం. 2027లో పుస్తకం తెరిచి, ఏడాది ఖర్చు ఒకవైపు, అన్ని ట్రిప్పులకు బాడుగ ఒకవైపు పెట్టి తేల్చుకుంటాం. పుస్తకం ఉంది కాబట్టి పోట్లాట ఉండదు.

కొత్తగా కొనేవాళ్లకు మాత్రం మా సలహా వేరు. పదిహేనేళ్లు దాటిన ఫారిన్ వాన్ ఎంత తక్కువకు వచ్చినా వద్దు. అదే డబ్బుకు ఇక్కడే తయారై, మీ ఊరి మెకానిక్ కళ్లు మూసుకుని విప్పగలిగే పాత బండి తీసుకోండి. సీట్లు తీసి సామాను బండిగా మార్చాలనుకుంటే ఆర్‌టీఓ అనుమతి లేకుండా చేయొద్దు, ఆర్‌సీలో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది. పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోండి. పది మంది కలిసి కొన్నా ఒక్కరికి బాధ్యత ఇవ్వండి, ఆ ఒక్కరికి పుస్తకం ఇవ్వండి. అందరి బండి అంటే ఎవరూ ఆయిల్ చూడని బండి అని మేం అనుభవంతో చెబుతున్నాం.

మీలో పాత బండి నడుపుతున్న వాళ్లు మీ నెల ఖర్చు, బండి ఏ ఏడాదిదో గ్రూపులో రాయండి. పది ఇళ్ల లెక్కలు ఒకచోట చేరితే, బేరానికి పోయే పదకొండో రైతుకు హెబ్బాళ దగ్గర మేం పడిన తిప్పలు తప్పుతాయి.