గోడ లోపలి పటం ఏది?
పిస్తోలు పిడి, ట్రిగ్గర్ స్విచ్ గల విద్యుత్ డ్రిల్లుకు 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ పేటెంట్ పొందిన నాటి నుంచి గోడకు రంధ్రం పెట్టడం క్రమంగా ఇంటివారు సైతం చేసుకోగల పనిగా మారింది గాని, గోడ లోపల ఏముందో తెలుసుకునే బాధ్యతను ఆ యంత్రం తీర్చలేదు. తెలుగునాట నేటి ఇళ్లలో కన్సీల్డ్ వైరింగ్, అంటే గోడను చెక్కి పైపుల్లో తీగలు పరచి పైన ప్లాస్టరింగ్ చేసే పద్ధతి, సర్వసాధారణం కనుక స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, స్నానాలగదిలో కుళాయిల నిలువు వరుసలో రంధ్రం వేయడమంటే 230 వోల్టుల తీగనో నీటి గొట్టాన్నో ఛేదించే ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. కొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ అతికించిన మేసన్రీ బిట్టు ఇటుకకు తగినదనీ, తిరుగుతూనే సుత్తిపోటు వేసే హ్యామర్ పద్ధతిని టైలు పొర దాటేవరకు ఆపి ఉంచకపోతే టైలు పగులుతుందనీ, రేగే సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక కళ్లద్దాలతో పాటు మాస్కూ తప్పనిసరి అనీ ఇంటివారు నేర్చుకోవచ్చు. కానీ ప్లాస్టరింగ్ మాటున తీగ ఏ దారిన పోయిందో కట్టినవారు చెప్పనిదే కచ్చితంగా తెలియదు. కాబట్టి వైరింగు, నీటి పైపుల పటాన్ని తాళంచెవులతో పాటు అప్పగించడం బిల్డరు బాధ్యత కావాలి. ఇల్లు కొనేవారు ఆ షరతును ఒప్పందంలోనే రాయించుకోవాలి.