బాగున్నవా అని అడిగితే ఆగాలి

ఈసారి పలకరింపుల గురించే రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో హైదరాబాదులో మా మామ వాళ్ల దగ్గర పది రోజులు ఉన్నాను. మామ జూబ్లీహిల్స్‌లో ఒక ఇంటికి వాచ్‌మన్. పక్కనే ఫిలింనగర్. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టారు. సినిమా మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఇటు వచ్చేసింది. గేటు దగ్గర నిలబడితే రోజంతా నమస్తేలే! కారు అద్దం దించి "ఏం, బాగున్నవా?" అంటారు. మామ "బాగున్న సార్" అనేలోపే అద్దం పైకి పోతది. అప్పుడు మామ మోకాలు వాచి ఉంది. ఎవ్వరికీ తెలువదు.

కొంచెం కిందికి పోతే కృష్ణానగర్. సినిమా వేషాల కోసం వచ్చినోళ్లు అక్కడ అద్దె గదుల్లో ఉంటారు. వాళ్లతో "చూద్దాం, ఫోన్ చేస్తాం" అంటారని మామ చెప్పాడు. అన్నాయన సాయంత్రానికి మరిచిపోతాడు. విన్నాయన నెలల తరబడి ఫోన్ చేతిలో పట్టుకుని కూచుంటడు. ఉత్తమాట అన్నోళ్లకు ఖర్చు లేదు, నమ్మినోళ్లకే ఖర్చు.

అట్లని పట్నంవాళ్లంతా అబద్ధమని నేను అనను. ఎన్.టి.రామారావుగారు మద్రాసులో ఉన్నప్పుడు తిరుపతి పోయొచ్చిన యాత్రికులు బస్సుల్లో ఆయన ఇంటికి వెళ్లేవారు. ఆయన బయటికి వచ్చి పలకరించేవారు. ఒక్కొక్కరి కష్టం ఆయనకేం తెలుసు? అయినా వాళ్లకు అది సంతోషమే. కాబట్టి నమస్తే చిన్నదైనా పరవాలేదు. "బాగున్నవా" అట్ల కాదు, అది ప్రశ్న. పరీక్షలో ప్రశ్న ఇచ్చి వెంటనే పేపరు లాక్కుంటే జవాబు ఎప్పుడు రాస్తాం?

మా గోండు గూడెంలో "రాం రాం" అంటారు, చెంబుతో నీళ్లిస్తారు, కూర్చున్నాకే అడుగుతారు. తిన్నవా, పత్తి ఎట్లుంది, పిల్లకు జరం తగ్గిందా అని. జవాబు అయిపోయేదాకా లేవరు. (ఒక్కోసారి విసుగొస్తది కూడా.)

మన అసెంబ్లీలో "అందరూ బాగున్నారా?" అంటే అందరం ఒకటే గొంతుతో "బాగున్నాం మేడం" అంటాం. వరుసలో జరం ఉన్నోళ్లు కూడా అంటారు. ఐదో తరగతి చెల్లెళ్లకు తెలుగు ఇంకా సరిగా రాదు. కడుపునొప్పిని ఏమని చెప్పాలో తెలువదు, "బాగున్నాం" ఒక్కటే వచ్చు. మేడంలకు నా విన్నపం ఏమంటే, రాత్రి పడుకునే ముందు మంచాల దగ్గరికి వచ్చి ఒక్కొక్కరిని పేరు పెట్టి అడగండి. గోండి, లంబాడీ వచ్చిన పెద్దక్కలం మీ వెంట వస్తాం.