రెండు కేబుళ్లు, ఒక అమానత్

శ్రీకాకుళం, విజయనగరం నుంచి మన కుర్రాళ్లు లినక్స్ కోర్సులు చేసి హైదరాబాద్‌కో, రియాద్‌కో వెళ్తున్నారు. వెళ్లేముందు ఊళ్లోని మన స్కూల్లోనో మదరసాలోనో ఖిద్మత్‌గా ఓ సర్వర్ పెట్టి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అల్లాహ్ వాళ్లకు బర్కత్ ఇవ్వాలి. నా షికాయత్ అంతా ఆ సర్వర్ వెనకున్న రెండు కేబుళ్ల గురించే.

రెండు నెట్‌వర్క్ కార్డుల్ని జోడించి ఒకటిగా వాడటాన్ని లినక్స్‌లో బాండింగ్ అంటారు. 0 నుంచి 6 దాకా ఏడు మోడ్‌లు. ఏది పెడతావు బేటా అంటే ఠక్కున "మోడ్ 4" అంటారు. ఇంటర్వ్యూలో బాగానే ఉంటుంది. మన చిన్న ఇదారాలకు మాత్రం మోడ్ 1 కావాలని నా రాయ్. దాని పేరు యాక్టివ్-బ్యాకప్.

ఇది తెలియడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు, మసీదు చాలు. నమాజ్ మధ్యలో ఇమామ్ సాహెబ్ వుజూ పోతే వెనక సఫ్‌లోంచి ఒకరిని ముందుకు జరిపి తాను తప్పుకుంటారు. జమాత్ తెగదు. మోడ్ 1 అంతే: ఒక కార్డు పనిచేస్తుంది, రెండోది వెనక తయారుగా నిలబడుతుంది. మోడ్ 0 అయితే ఒక ఆయత్ ఈయన, మరో ఆయత్ ఆయన చదివినట్టు. ప్యాకెట్లు వరస తప్పి చేరే ఖత్రా ఉంది.

మోడ్ 4 చెడ్డదని కాదు. పెద్ద డేటా సెంటర్లలో అదే సహీ. కానీ స్విచ్ కూడా ఆ భాష మాట్లాడాలి, అందులో సెట్టింగ్ చెయ్యాలి. రెండు వేర్వేరు మామూలు స్విచ్‌లకు చెరో కేబుల్ పెడితే కుదరదు. పైగా 1 గిగాబిట్ కార్డులు రెండు కలిపినా, ఒకరు కాపీ చేసుకునే ఒక ఫైలు సాధారణంగా ఒక కార్డు మీదుగానే పోతుంది. "డబుల్ స్పీడ్" అని కమిటీ పెద్దల్ని ఒప్పించి ఖరీదైన స్విచ్ కొనిపించేవాళ్లు ఇది చెప్పరు. అది చందా డబ్బు భాయ్, అమానత్.

5, 6 మోడ్‌లు ప్రత్యేక స్విచ్ అడగవు గానీ, తేడా వస్తే ఎక్కడ పట్టుకోవాలో తేలదు. కుర్రాడు రియాద్‌లో ఉంటే ఇక్కడ మిగిలేది మున్షీ సాహెబ్. ఆయన చూడగలిగేది లైటు వెలుగుతోందా లేదా అన్నదే.

అయితే మోడ్ 1 పెట్టి, రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లో గుచ్చితే సగం ఫాయిదా పోయినట్టే. ఆ స్విచ్ ఆగితే ఇద్దరు ఇమామ్‌లూ కలిసే ఆగుతారు. రెండు చవక స్విచ్‌లు, వీలైతే రెండు వేరే యూపీఎస్‌లు పెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ చూసిన జిల్లాలు మనవి. రోజుల తరబడి కరెంటే లేకపోతే ఏ మోడూ ఆదుకోదు, అది వేరే మాట. మామూలు రోజుల్లో స్విచ్ కాలిపోవడం, ఎలుక కేబుల్ కొరకడం, చీపురు తగిలి పిన్ను ఊడటం, వీటికే ఈ ఇంతెజామ్.

సెట్ చేసే తమ్ముళ్లకు మూడు మాటలు. ఎమ్ఐఐమాన్ విలువ 100 ఇవ్వండి, అంటే 100 మిల్లీసెకన్లకోసారి తనిఖీ. 0 ఇస్తే ఆ తనిఖీ జరగదు. అది చూసేది స్విచ్ దాకా ఉన్న కేబుల్‌నే. ఆ అవతల తెగిందా అన్నది తెలియాలంటే ఏఆర్‌పీతో చూసే పద్ధతి ఉంది, దాని బదులు అది వాడుకోవచ్చు. ప్రైమరీ అని ఒక కార్డును ఖరారు చెయ్యకండి. చేస్తే వదులు కేబుల్ మళ్లీ తగిలినప్పుడల్లా ఇమామత్ చేతులు మారుతూనే ఉంటుంది.

విమానం ఎక్కేముందు మున్షీ సాహెబ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, సర్వర్ నడుస్తుండగా ఒక కేబుల్ పీకించండి. తర్వాత అది పెట్టించి, లైటు వెలిగాక రెండోది పీకించండి. ఏ కేబుల్ ఏ స్విచ్‌కో తెలుగులోనూ ఉర్దూలోనూ చీటీ రాసి డబ్బా మీద అతికించండి.