ఉద్దానం కూలి లెక్క

వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. యంత్రం పక్కన నాలుగు గంటలు, రానూపోనూ ఆటో ప్రయాణం, ఇల్లు చేరాక లేవలేని నీరసం. ఆ రోజు కూలి పోయినట్టే. తోడు వచ్చిన భార్యకో కొడుక్కో కూడా పోయినట్టే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు ఎంత ఖర్చవుతోందో చెప్పేవారు ఈ పోయిన కూలిని కలపరు.

కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస. కొబ్బరి, జీడి తోటల మీద బతికే ఈ ఉద్దానం ఊళ్లలో 2018 అక్టోబరు తిత్లీ తుపాను ఆ చెట్లనే నేలకూల్చింది. రోగి ఉన్న ఇంటికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను అందుతోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. అయితే ఆసుపత్రి, పింఛను జబ్బు ముదిరాక ఆదుకునేవి.

జబ్బును ముందే ఆపుదామంటే అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఎండలో చాకిరీ, చాలినన్ని నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రలు, నీటిలోని పదార్థాలు అన్నింటిపైనా అనుమానం ఉంది. నికరాగువా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే కూలీలను పీడిస్తోంది. అక్కడ పనిచోట నీడ, నీళ్లు, విరామం సరిగ్గా అమలైనప్పుడు కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. శాస్త్రవేత్తలు కారణం తేల్చేదాకా మనం ఆగనక్కర్లేదు. ఉపాధి పనుల్లో, జీడి పరిశ్రమల్లో ఆ మూడూ ఈ వేసవికే కచ్చితంగా అమలు కావాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష పని జరిగే చోటే చేయాలి, ఆ పూట కూలి కోయకూడదు.